నొప్పి ఒకచోట, బద్ధకం ఇంకోచోట

తెల్లారి 5.30కి నయాపూల్ దాటి పత్తర్‌గట్టిలోకి అడుగుపెడితే హైదరాబాద్ ఇంకో ఊరిలా ఉంటుంది. షట్టర్లన్నీ దించి ఉంటాయి. ఇరానీ హోటల్లో తొలి డికాషన్ మరుగుతుంటుంది. పగలు ఆటోలతో, తోపుడుబండ్లతో కాలు పెట్టే సందు దొరకని ఆ దారిలో, ఆ కాసేపు మాత్రం పరిగెత్తేవాడి అడుగుల చప్పుడు వాడికే వినబడుతుంది.

నా అడుగుల్ని మాత్రం నాకంటే ముందు ఒక పెద్దాయన విన్నాడు. గుల్జార్ హౌజ్ దగ్గర అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. వయసులో తాలీంఖానాలో కుస్తీ పట్టిన మనిషని ఆ భుజాలే చెబుతున్నాయి. అప్పటికి రెండు నెలలుగా నాకు కుడి పిరుదులో నొప్పి. పరిగెత్తడం మొదలుపెట్టిన పది నిమిషాలకు పిరుదు లోపల ఎక్కడో చురుక్కుమనేది. అక్కడి నుంచి తొడ వెనకగా పిక్క దాకా కరెంటు పాకినట్టు దిగేది. నూనె రాశాను, కాపడం పెట్టాను, బూట్లు మార్చాను. కాలు లాగి లాగి సాగదీశాను. ఏదీ పనిచేయలేదు. ఆ రోజు కూడా పిరుదు మీద చెయ్యి వేసుకుని ఆగిపోయాను.

ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు. "రెండు కాళ్ల ఆవాజు వేరే వేరే వస్తుంది బేటా. జర విను."

చార్మినార్ వైపు పరిచిన రాతి బండల మీద మళ్లీ పరిగెత్తాను, ఈసారి చెవులు పెట్టి. ఎడమ కాలు టప్ మంటోంది. కుడి కాలు ధబ్ మంటోంది. టప్, ధబ్. టప్, ధబ్. రెండు నెలలుగా నేను నొప్పినే పట్టించుకున్నాను, నడకను పట్టించుకోలేదు. నా జబ్బంతా ఆ 'ధబ్'లోనే ఉంది.

ఈ నొప్పితో పరుగు మానేసినవాళ్లు, మానలేక మూలుగుతూ పరిగెడుతున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది. నొప్పి పెట్టే చోటే లోపం ఉండాలని లేదు. చాలాసార్లు ఆ చోటు ఇంకొకరి పని మోస్తుంటుంది.

పేరులోనే నడక ఉంది

ఈ నొప్పిని మనం సయాటికా అంటాం. తుంటిని సూచించే గ్రీకు మాట నుంచి పుట్టిన పేరది. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రికి వెళితే హకీములు ఇర్ఖున్నసా అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. గృధ్రమంటే రాబందు. ఈ నొప్పి ఉన్న మనిషి రాబందులా ఒక పక్కకు ఒరిగి, కాలు ఈడుస్తూ నడుస్తాడని ఆ పేరు పెట్టారు. మన పూర్వ వైద్యులు రోగి చూపించిన చోటును మాత్రమే చూసి ఊరుకోలేదు. రోగి గుమ్మం దాటి లోపలికి ఎలా నడిచి వచ్చాడో చూశారు. రెండు నెలలుగా నేను చెయ్యని పని అదే.

సయాటిక్ నరం మన ఒంట్లో అన్నిటికంటే లావైన నరం. ఇంచుమించు వేలంత ఉంటుంది. నడుములో 4వ, 5వ పూసల నుంచి, వాటి కింద త్రికాస్థిలోని పై 3 చోట్ల నుంచి వచ్చే పాయలు కలిసి ఇదవుతుంది. పిరుదు లోపలి నుంచి తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర చీలి, పాదం దాకా పోతుంది. దారిలో పిరిఫార్మిస్ అనే చిన్న కండరం తగులుతుంది. త్రికాస్థి నుంచి తొడ ఎముక పైకొన దాకా అడ్డంగా ఉంటుంది. ఎక్కువమందిలో నరం దాని కింది నుంచి పోతుంది. కొందరిలో నరంలోని ఒక పాయో, మొత్తం నరమో ఆ కండరాన్ని చీల్చుకుని పోతుంది.

నరం నలగడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి వెన్ను దగ్గర. పూసల మధ్య డిస్కు జారి నరం పాయను నొక్కడం ఎక్కువగా కనిపించే కారణం. 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు దీన్ని నిరూపించాక ప్రపంచం చూపంతా డిస్కు మీదకు వెళ్లింది. రెండోది పిరుదు దగ్గర. అక్కడి కండరాలు బిగిసి, అలిసి నరాన్ని ఇబ్బంది పెట్టడం. 1947లో రాబిన్సన్ అనే వైద్యుడు దానికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమంటే అనుమానం వెన్ను మీదకు పోతుంది. కూర్చున్నకొద్దీ పెరిగి, పిరుదులో లోతుగా నొక్కితే 'అదే, అదే' అనిపిస్తే పిరుదు మీదకు పోతుంది. ఇవి గుర్తులు మాత్రమే. తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

చిన్నవాడి మీద పెద్దల బరువు

2010లో అమెరికాలోని ఒక ఫిజియోథెరపీ పత్రికలో జేసన్ టోన్లీ, క్రిస్టఫర్ పవర్స్ బృందం ఒక రోగి కథ రాసింది. అతనికి 30 ఏళ్లు. కుడి పిరుదులో, తొడ వెనక రెండేళ్లుగా నొప్పి. మామూలుగా అయితే ఆ చిన్న కండరం బిగిసిందంటారు, దాన్ని సాగదీయమంటారు. వీళ్లు అతన్ని ఒక మెట్టు దిగమన్నారు. దిగేటప్పుడు తొడ లోపలికి వాలిపోతోంది, మోకాలు రెండో కాలి వైపు తిరిగిపోతోంది. తుంటిని నిలబెట్టాల్సిన పెద్ద కండరాలు బలంగా లేవు.

అప్పుడు వాళ్లు తిరగేసి ఆలోచించారు. పిరుదు వెనక పెద్ద కండరం, పక్కనున్న మధ్య కండరం, ఈ రెండూ తుంటికి పెద్దదిక్కు. అవి తమ పని తాము చెయ్యకపోతే తొడ లోపలికి పడిపోకుండా పట్టుకునే బాధ్యత వేలెడంత పిరిఫార్మిస్ మీద పడుతుంది. అది ప్రతి అడుగుకూ సాగిపోతూ, సాగుతూనే బిగపట్టుకుంటూ అలిసిపోతుంది. అలిసిన కండరం పక్కనున్న నరాన్ని సతాయిస్తుంది. అలాంటిదాన్ని ఇంకా సాగదీస్తే ఏమవుతుంది? పనిభారంతో కుంగినవాడిని పట్టుకుని ఇంకొంచెం లాగినట్టవుతుంది.

అందుకని పెద్ద కండరాలకు బలం పెంచారు. మెట్టు దిగడం, వంగడం, దూకి దిగడం కొత్తగా నేర్పారు. 3 నెలల్లో 8 సార్లు మాత్రమే అతను క్లినిక్కుకు వచ్చాడు. మిగతాదంతా ఇంట్లో చేసుకున్నాడు. నొప్పి పోయింది. ఏడాది తర్వాత అడిగినా తిరిగి రాలేదన్నాడు. ఇది ఒక్క మనిషి కథ. అందరికీ అచ్చం ఇలాగే జరుగుతుందని రాసినవాళ్లూ అనలేదు. కానీ ఆలోచన ఎటు తిప్పాలో ఇది చూపించింది. ఎక్కడ నొప్పి అని అడిగి ఊరుకోకూడదు, ఎవరు పని మానేశారని కూడా అడగాలి.

అద్దం ముందు ఒక నిమిషం

మీరే చూసుకోండి. నిలువుటద్దం ముందు రెండు చేతులూ నడుము ఎముకల మీద పెట్టుకుని నిలబడండి. ఎడమ కాలు ఎత్తి కుడి కాలి మీద 30 సెకన్లు ఆగండి. తర్వాత కాలు మార్చండి. ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారిందా? పడిపోకుండా ఒళ్లంతా పక్కకు వాల్చాల్సి వచ్చిందా? అయితే నిలబడిన కాలి వైపు మధ్య కండరం బద్ధకిస్తోంది. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ చెప్పిన ఈ గుర్తును డాక్టర్లు ఇప్పటికీ వాడతారు.

ఇంకొకటి. పాతబస్తీ పాత ఇళ్లలో మెట్లు ఎత్తుగా ఉంటాయి. అలాంటి మెట్టు ఒకటి మెల్లగా దిగండి. దిగేటప్పుడు పై మెట్టు మీదున్న కాలి మోకాలు ఎటు పోతోందో చూడండి. అది పాదం వేళ్ల వైపే ఉండాలి. బొటనవేలు దాటి లోపలికి పోతుంటే మీకు సమాధానం దొరికినట్టే.

పరుగంటే ఏమిటి? ఒంటికాలి మీద నిలబడడాన్ని వేలసార్లు చెయ్యడం. నడకలో రెండు పాదాలూ నేల మీద ఉండే క్షణం ఒకటుంటుంది. పరుగులో అది లేదు. ప్రతి అడుగుకూ నేల నుంచి మన బరువుకు 2 నుంచి 3 రెట్ల తాకిడి తిరిగి వస్తుంది. నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరిగెడితే 4,800 అడుగులు, అంటే ఒక్కో కాలికి 2,400. అద్దం ముందు ఒక్కసారి జారిన నడుము, రోడ్డు మీద 2,400 సార్లు జారుతుంది.

నొప్పి భాష నేర్చుకోండి

1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి ఉన్నాడు. కాల్లోకి దిగిన నొప్పి వారాలైనా తగ్గడం లేదు. ఆ రోజు లోపలి గదిలో మంచం తలవైపు ఎత్తిపెట్టి ఉంది. అతను దాని మీద బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగి అలాగే ఉండిపోయాడు. మెకెంజీ వచ్చి చూసి కంగారుపడ్డాడు. రోగేమో కాల్లో నొప్పి పోయిందన్నాడు. అక్కడి నుంచి ఒక పెద్ద పరిశీలన మొదలైంది. కాల్లో నొప్పి పైకి వెనుదిరిగి నడుములోకో పిరుదులోకో చేరితే అది మంచి గుర్తు, అక్కడ కాస్త ఎక్కువ అనిపించినా సరే. కిందికి పాకుతుంటే చెడ్డ గుర్తు.

రోజూ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. వ్యాయామం చేస్తుంటే నొప్పి పైకి వచ్చిందా, కిందికి దిగిందా? నొప్పిని పదికి కొలిస్తే మూడు దాటిందా? మర్నాడు పొద్దున్న లేచేసరికి నిన్నటి కంటే ఎక్కువ ఉందా? పైకి వచ్చి, మూడు లోపే ఉండి, పొద్దునకు సర్దుకుంటే ముందుకు పోవచ్చు. లేదంటే ఒక మెట్టు వెనక్కి రండి. వెనక్కి రావడమంటే ఓడిపోవడం కాదు. మెట్టు దిగడం కూడా మనం నేర్చుకోవాల్సిన విద్యేనని పైన చూశాం.

కొన్ని గుర్తులకు మాత్రం ఆలస్యం పనికిరాదు. మూత్రం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ క్షణంలో వ్యాయామం గురించి ఆలోచించకండి. జ్వరంతో, బరువు తగ్గుతూ, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పిని కూడా డాక్టరు చూడాల్సిందే. రెండు పాదాలూ రాత్రిపూట మంటపెడుతుంటే అది వేరే సంగతి కావచ్చు, షుగర్ పరీక్ష చేయించుకోండి. నరం పట్టేసిందని ఎవరి దగ్గరైనా పడుకుని పిరుదు మీద మోచేత్తో పొడిపించుకోకండి. చిరాకుపడిన నరానికి గట్టి దెబ్బలు మందు కావు.

ఇంకో మాట. నొప్పి వచ్చిందని నెలల తరబడి మంచం పట్టకండి. తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు విశ్రాంతి సరే. ఆ తర్వాత చేతనైనంత కదలడమే మేలని వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. పడుకున్నకొద్దీ బద్ధకించిన కండరాలు ఇంకా బద్ధకిస్తాయి.

మూడు మెట్లు

బార్కస్ వైపు, పాత మొహల్లాల్లో తాలీంఖానాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడికి ఉస్తాద్ మొదటిరోజే కుస్తీ పట్లు నేర్పడు. ముందు దండ్, బైఠక్. ఒళ్లు కుదిరాకే మట్టిలోకి దిగనిస్తాడు. తుంటికీ ఇదే వరస. ఒక్కో మెట్టుకు సుమారు 4 వారాలు కేటాయించండి.

మొదటి మెట్టు, పడుకుని. ముందు వంతెన. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద ఆన్చి, పిరుదులు బిగించి నడుము పైకెత్తండి. 5 సెకన్లు ఆపి దించండి. అలా 10 సార్లు, 3 విడతలు. మూసీ మీద పురానాపూల్ చూసే ఉంటారు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. దానికి 22 కమానులు. బరువు ఒక్క కమాను మీద పడకుండా అన్నిటికీ పంచడమే దాని బలం. మీరు వంతెన ఎత్తినప్పుడు కూడా అదే చూసుకోండి. తొడ వెనక కండరం పట్టేస్తుంటే పిరుదు పని మానేసిందని అర్థం. మడమలు కొంచెం దగ్గరికి తెచ్చుకుని మళ్లీ ఎత్తండి. తర్వాత పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు అంటించి ఉంచి, పై మోకాలు ఒక్కటే ఆల్చిప్ప తెరుచుకున్నట్టు పైకెత్తండి. నడుము వెనక్కి దొర్లకూడదు. ఎంత ఎత్తు లేచిందన్నది ముఖ్యం కాదు, పిరుదు పక్కన వేలు పెడితే అక్కడ గట్టిపడాలి.

రెండో మెట్టు, నిలబడి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకు అడుగులు వేయడం. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం. రోజూ ఎలాగూ పళ్లు తోముకుంటాం కదా, దానికి వేరే టైం అక్కర్లేదు.

మూడో మెట్టు, కదులుతూ. మెట్టు మెల్లగా దిగడం, ముందుకు పెద్ద అడుగు వేసి మోకాలు వంచి లేవడం, చివర్లో చిన్న చిన్న గెంతులు. మోకాలు వేళ్ల వైపే ఉండాలి, దిగినప్పుడు చప్పుడు రాకూడదు.

రోడ్డు మీద పరుగు అన్ని ఇళ్ల ఆడవాళ్లకూ కుదరదు. ఇవేవీ రోడ్డు అడిగే వ్యాయామాలు కావు. డాబా మీద ఒక చాప, ఒక గోడ ఉంటే చాలు.

ఖీంచ్, ఢీల్

నరాన్ని కండరంలా సాగదీయకూడదు. దానికి కావలసింది జారే వీలు. సంక్రాంతికి పాతబస్తీ డాబాల మీద పతంగులు ఎగరేసిన ప్రతివాడికీ ఈ విద్య తెలుసు. ఎంతసేపూ ఖీంచ్ అంటూ లాగితే మాంజా తెగుతుంది. ఢీల్ ఇస్తూ, అంటే దారం వదులుతూ లాగాలి, లాగుతూ ఢీల్ ఇవ్వాలి.

కుర్చీలో నిటారుగా కూర్చోండి. నొప్పి ఉన్న కాలు మోకాలి దగ్గర మెల్లగా చాపుతూ, అదే సమయంలో తల పైకెత్తి కప్పు వైపు చూడండి. కింద లాగారు, పైన వదిలారు. ఇప్పుడు మోకాలు మడుస్తూ గడ్డం ఛాతీ వైపు దించండి. పైన లాగారు, కింద వదిలారు. నరం తెగేలా సాగకుండా, తన దారిలో అటూ ఇటూ జారుతుంది. అలా 10 సార్లు, రోజుకు రెండు పూటలా. జివ్వుమనే ముందే ఆగాలి. ఎక్కువ లాగితే ఎక్కువ ఫలితం వస్తుందన్న ఆశ ఇక్కడ పనికిరాదు.

అరనిమిషంలో రెండు అడుగులు

ఇక పరుగు. అరగంట నడిచినా నొప్పి పెరగని రోజు మొదలుపెట్టండి. 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా 8 సార్లు. మొత్తం 24 నిమిషాలు. రోజు విడిచి రోజు చేయండి. మూడు ప్రశ్నలకూ మంచి జవాబులే వస్తుంటే వారం వారం పరుగు కొంచెం పెంచి నడక కొంచెం తగ్గించండి.

ఇప్పుడు లెక్క. పరిగెడుతూ 30 సెకన్లలో కుడి పాదం ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. 40 వచ్చిందనుకోండి. రెండు పాదాలూ కలిపి నిమిషానికి 160 అడుగులు. వేగం పెంచకుండా దాన్ని 42 చేయండి. అరనిమిషంలో కుడి పాదానికి రెండే అడుగులు ఎక్కువ. అంటే అడుగు 5 శాతం త్వరగా పడింది, ఆ మేరకు పొట్టిదయింది. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హైడర్‌షైట్ బృందం 45 మంది ఆరోగ్యవంతులైన రన్నర్లను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూసింది. అడుగుల లెక్క 5 శాతం పెరగడంతోనే మోకాలి మీద భారం తగ్గింది. 10 శాతం పెరిగితే తుంటి మీద కూడా తగ్గింది, తొడ లోపలికి వాలడమూ తగ్గింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. పెద్ద అంగ వేస్తే పాదం ఒంటికి చాలా ముందు పడుతుంది. అది బ్రేకు వేసినట్టే. ఆ కుదుపు తుంటి దాకా వస్తుంది. పొట్టి అడుగు ఒంటి కింద పడుతుంది, కుదుపు తగ్గుతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం. పల్లంలో అంగలు వాటంతటవే పెద్దవవుతాయి. ప్రతి ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తేవాళ్లకు నగరంలోని ఫ్లైఓవర్లు ఈ పాఠం బాగానే నేర్పుతాయి.

రెండో సంగతి, గీత. రోడ్డు మధ్యలో తెల్లగీత ఉందనుకోండి. కుడి పాదం గీతకు కుడివైపు, ఎడమ పాదం ఎడమవైపు పడాలి. పాదాలు గీత దాటి ఒకదాని ముందు ఒకటి పడుతుంటే ప్రతి అడుగుకూ తొడ లోపలికి వాలుతున్నట్టే.

మూడోది, చప్పుడు. చెవిలో ఇయర్‌ఫోన్లు తీసేయండి. రెండు పాదాలూ ఒకే మాట చెబుతున్నాయా వినండి. మూడూ ఒక్కరోజే సరిచేయాలని చూడకండి. వారానికి ఒకటి పట్టుకోండి. మొదటి వారం లెక్క, రెండో వారం గీత, మూడో వారం చప్పుడు.

మిగతా 23 గంటలు

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను దగ్గర నుంచి చూడండి. కుంపటి సెగ మీద లక్క ముద్దను కాచి, సన్నటి తీగలా సాగదీసి, వేడి ఆరేలోపే గుండ్రంగా చుట్టి, కొనలు రెండూ అతికించి, ఆపైన ఒక్కో అద్దం ముక్క, ఒక్కో రాయి అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనక గంటల తరబడి నేల మీద కదలకుండా కూర్చున్న ఒళ్లున్నాయి. కార్చోబ్ చట్రం ముందు వంగి జర్దోసీ కుట్టేవాళ్లదీ ఇదే సంగతి. పక్కసీటు మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని, ఒక పిరుదు మీదే కూర్చుని రోజంతా ఆటో నడిపే అన్నదీ ఇదే సంగతి. ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే మనదీ అంతే.

వీళ్లందరికీ చెప్పేది ఒకటే. అరగంటకోసారి లేవండి, పది అడుగులు వేయండి. కూర్చునే తీరు మార్చండి, మఠం వేస్తే కాసేపటికి కాళ్లు చాపండి, ఎప్పుడూ ఒకే వైపు వాలకండి. వెనక జేబులోంచి పర్సు తీసి ముందు జేబులో పెట్టండి. నోట్లు, కార్డులు, బిల్లులు కుక్కిన ఆ పర్సు సరిగ్గా నరం పోయే చోటే ఒత్తుతుంది. వ్యాయామానికి గంట ఇచ్చి, మిగతా 23 గంటలూ నరం మీద కూర్చుంటే ఆ గంట ఏం చేయగలదు?

మీ ఇంట్లో ఆ చిన్న కండరం ఎవరు?

ఈ నొప్పి నాకు నేర్పింది పరుగుతో ఆగలేదు.

ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వంట, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు, కరెంటు బిల్లు, బంధువుల పెళ్లి కానుకలు అన్నీ ఆమే చూసుకుంటుంది. ఒకరోజు చిన్న మాటకే గయ్‌మంటుంది. "ఈమధ్య కోపం ఎక్కువైంది" అంటాం. ఓపిక పట్టమని నీతులు చెబుతాం. అంటే అలిసిన కండరాన్నే ఇంకొంచెం సాగదీస్తాం. పక్కనే కూర్చున్న పెద్ద కండరాలను, అంటే మనల్ని, ఎవరూ లేపరు. దుకాణంలోనూ అంతే. నలుగురు అన్నదమ్ముల్లో ఒక్కడే తాళం తీసి, ఒక్కడే తాళం వేస్తుంటే, లెక్కల్లో తప్పు వచ్చినప్పుడు దొరికేదీ ఆ ఒక్కడే.

మన లోపల కూడా ఇదే జరుగుతుంది. పరీక్షకు ముందు రాత్రి జాగారం చేసి గట్టెక్కే విద్యార్థికి జ్ఞాపకశక్తి లేదనకండి. రోజూ గంట చదవాల్సిన అలవాటు పడుకుంటే, దాని బరువంతా ఆ ఒక్క రాత్రి మోసింది. నెలాఖరులో అప్పు కోసం ఫోన్లు తిప్పే మనిషికి కావలసింది కొత్త అప్పు కాదు, నెల మొదట్లో పక్కన పెట్టే వెయ్యి రూపాయల క్రమశిక్షణ. ఎక్కడైతే తరచూ మంటపుడుతుందో అక్కడ కాస్త జాలిగా చూడండి. తర్వాత తల తిప్పి, పని మానేసి కూర్చున్నది ఎవరో వెతకండి. దొరికాక తిట్టకండి. రోజుకు పదిసార్లు వంతెన ఎత్తించినట్టు చిన్న పని ఇవ్వండి. బద్ధకించిన కండరం తిడితే లేవదు, పని ఇస్తేనే లేస్తుంది.

ఈ రాత్రికి ఒక పని చేయండి. అద్దం ముందు ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. ఏ వైపు జారుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. దాని కిందే, ఇంట్లో ఎవరి పని ఎవరు మోస్తున్నారో ఒక పేరు రాయండి. రేపు పొద్దున్న రెండిటికీ 10 నిమిషాల చొప్పున ఇవ్వండి.

నాకు పదమూడు వారాలు పట్టింది. ఒక శుక్రవారం తెల్లారి మళ్లీ నయాపూల్ దాటాను. మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్. అదే అరుగు, అదే చాయ్ గ్లాసు, అదే పెద్దాయన. ఆయన ముందు నుంచే పరిగెత్తాను. టప్, టప్, టప్, టప్. సలాం చేద్దామని చూశాను. ఆయన తలెత్తలేదు. ఆ చప్పుడులో తలెత్తి చూడాల్సిందేమీ ఆయనకు వినబడలేదు.